ఏనుగు టోపీకి ఒక చెవి

మా కళ్ళజోళ్ళ షాపు చాలా ఇరుకు. కంటిపరీక్ష బోర్డుకీ చూసేవాళ్ళకీ మధ్య ఉండవలసినంత దూరం మా గదిలో లేదు. అందుకని బోర్డును వచ్చినవాళ్ళు కూర్చునే కుర్చీ వెనక గోడకు తగిలించి, ఎదుటి గోడకు నిలువుటద్దం పెట్టాను. కూర్చున్నవాళ్ళు అద్దంలోకి చూసి, తమ తల వెనకున్న అక్షరాలు చదవాలి. బోర్డు మీద అక్షరాలన్నీ తిరగబడి ఉంటాయి. అద్దంలోకి వెళ్ళాక సరి అవుతాయి. అక్షరాలు రాని పిల్లలకు బొమ్మల బోర్డు వేరే ఉంది: గొడుగు, పడవ, ఇల్లు, చేప.

ఆ బోర్డు కింద, గోడకు ఆనించి, మా ఆవిడ కుర్చీ. గోడకు అవతల ఇస్త్రీ షాపు. పొద్దున్న అక్కడ ఇస్త్రీ మొదలుపెడితే మధ్యాహ్నానికి ఇటువైపు గోడ కూడా వెచ్చబడుతుంది. "ఊరికే వచ్చే వెచ్చదనాన్ని ఎవరు కాదంటారండీ" అని ఆవిడ అక్కడే స్థిరపడింది. ఒళ్ళో ఊలు ఉండ, ఎడమచేతిలో క్రోషా సూది. ఆవిడది పుర్రచెయ్యి. మా షాపులో కంటిపరీక్ష చేయించుకున్న ప్రతి ఒక్కరూ అక్షరాలతో పాటు, వాటి కింద అల్లుకుంటున్న ఒక మనిషిని కూడా అద్దంలో చూసినవాళ్ళే.

ఆవిడ అల్లేవన్నీ చిలిపి టోపీలు. పైకి పొడుచుకొచ్చిన గుడ్లతో కప్ప టోపీ. ఎనిమిది కాళ్ళూ చెవుల చుట్టూ వేలాడే ఆక్టోపస్ టోపీ. నడినెత్తిన పచ్చసొన కూర్చున్న గుడ్డట్టు టోపీ. వాటితో పాటు పిడికెడంత దూది బొమ్మలు: గుడ్లగూబ, ముళ్ళపంది, తాబేలు. విరిగిన ఫ్రేముల తీగలు వంచి ఆ బొమ్మలకు బుల్లి కళ్ళజోళ్ళు చేసిపెట్టడం నా పని. మొదటిసారి అద్దాలు పడిన పిల్లలు, పెట్టుకోం అని మొరాయించి, కళ్ళజోడు పెట్టుకున్న తాబేలును చూశాక కాస్త మెత్తబడేవాళ్ళు.

బొమ్మకు కళ్ళు మాత్రం ఆవిడ ముందుగా కుట్టేది కాదు. ఒళ్ళంతా అల్లి, దూది కూరి, కళ్ళ చోట్లు ఖాళీగా ఉంచేది. తీసుకునే పిల్లో పిల్లాడో ఎదురుగా నిలబడ్డాకే రెండు నల్ల గుండీలు కుట్టేది.

"ముందే కుట్టేస్తే పోదూ" అన్నాను ఒకసారి.

"ఎవరింటికి వెళ్తుందో తెలియకుండా కళ్ళు పెడితే పాపం ఎవర్ని చూడాలండీ అది? అద్దాలాయన పెళ్ళాన్ని, కళ్ళ సంగతి నాకా చెప్తారు?"

ఆవిడ పోయాక బుట్టెడు బొమ్మలు మిగిలిపోయాయి, కళ్ళు లేకుండా. వాటిని చూడలేక గోడవైపు తిప్పి పెట్టాను. పెట్టాక తట్టింది, కళ్ళు లేనివాటికి ఎటు తిప్పితే మాత్రం ఏముంది అని.

మిగిలిపోయింది బొమ్మలే కాదు. ఏనుగు టోపీ కూడా.

అది ఇస్త్రీ షాపు ఆవిడ కూతురి కోసం మొదలైంది. ఆ పిల్లను మేమందరం పిచ్చుక అంటాం. ఒక చోట నిలవదు, నోరు మూయదు. దాని ఎడమకన్ను సోమరిది. కుడికన్ను పని అంతా తనే చేసేస్తూ ఉంటే, ఎడమది చూడటం మానేసి కూర్చుంది. కళ్ళ డాక్టరమ్మ అద్దాలు రాసిచ్చి, మంచి కంటికి రోజూ కొన్ని గంటలు పట్టీ అతికించమంది. మంచిదాన్ని మూస్తేనే సోమరిది లేచి పనిచేస్తుంది. ఈ వయసులో అయితే దారికొస్తుంది, పెద్దయ్యాక ఎంత చేసినా కష్టం అని కూడా చెప్పింది. పిచ్చుకేమో పట్టీ అతికించిన గంటలోపే పీకి పారేసేది. బళ్ళో పిల్లలు ఒంటికన్ను దొంగ అంటున్నారట. కణత దగ్గర చర్మం కందిపోయి ఉండేది.

మా ఆవిడ దాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని తల కొలిచింది.

"నీకు ఏనుగు టోపీ అల్లుతానే. ఒక చెవి మామూలుగా ఉంటుంది. రెండోది ఇంత పెద్దది, నీ కుడికంటి మీదకి వాలిపోతుంది. లోపల నల్లగుడ్డ వేస్తాను. ఎవరైనా అడిగితే ఏం చెప్తావు?"

"మా ఏనుగు పడుకుంది అని చెప్తాను."

"అదీ!"

టోపీ అయింది. తొండం అయింది. చిన్న చెవి అయింది. పెద్ద చెవి విడిగా, నడుమ నుంచి గుండ్రంగా చుట్లు చుట్లుగా పెరుగుతూ సగానికి వచ్చింది. ఒక ఉదయం ఆవిడ సూదిని మెలికలో అలాగే ఉంచి, "ఛాతీలో ఏదో పట్టేసినట్టుందండీ" అంటూ లేచింది. సాయంత్రానికి లేదు.

క్రోషా అల్లికలో ఎప్పుడూ ఒక్క మెలికే సూది మీద ప్రాణంతో ఉంటుంది. సూది తీసి దారం లాగారంటే, మొదలంటా విడిపోతుంది. ఆ ఒక్క మెలిక ఆవిడ వేలి మీద నుంచి వచ్చిన చివరిది. దాన్ని ఎవరినీ ముట్టనివ్వలేదు నేను. ఊలు ఉండతో, సూదితో సహా తీసుకెళ్ళి ఫ్రేములు పెట్టే గాజు బీరువాలో పెట్టి తాళం వేశాను. తాళంచెవి నా చొక్కా జేబులో.

*

మధ్యాహ్నం భోజనం అయ్యాక షాపు తలుపు సగం మూసి, నా బల్ల దగ్గర కుర్చీలో కాసేపు కునుకు తీయడం నాకు అలవాటు. బల్ల సరిగ్గా ఆవిడ కుర్చీకి ఎదురుగా ఉంటుంది. పెళ్ళయిన కొత్తలో ఈ షాపు పెట్టిన నాటి నుంచి మేమిద్దరం అలా ఎదురెదురుగానే కూర్చున్నాం. నేను ఫ్రేముల మరలు బిగించేవాణ్ణి, ఆవిడ అల్లేది.

ఒక మధ్యాహ్నం లేచి చూస్తే ఏనుగు టోపీ ఆవిడ కుర్చీలో ఉంది.

బీరువా తలుపు వేసే ఉంది. జేబు తడుముకున్నాను, తాళంచెవి ఉంది. దగ్గరకు వెళ్ళి టోపీ చేతిలోకి తీసుకున్నాను. కుర్చీ మీది దిండు వెచ్చగా ఉంది. గోడ వేడి అని తెలుసు, అయినా చెయ్యి చాలాసేపు తీయలేదు. చెవి పెరిగింది. ఒక చుట్టు కొత్తగా వచ్చింది.

భయం వేయలేదు అంటే అబద్ధం. కానీ ఆ భయం కింద, బయటకు చెప్పుకోలేని సంతోషం ఒకటి కదిలింది. టోపీని జాగ్రత్తగా బీరువాలో పెట్టి, చిక్కుపడకుండా ఊలు ఉండను వదులు చేసి ఉంచాను. ఊరి నుంచి రాబోయే మనిషికి మంచినీళ్ళు పెట్టి ఉంచినట్టు.

అప్పటి నుంచి అప్పుడప్పుడూ అలాగే జరిగేది. కునుకు పట్టేదాకా బీరువాలో ఉన్న టోపీ, మెలకువ వచ్చేసరికి ఆవిడ కుర్చీలో. కొన్నిసార్లు ఒక చుట్టు ఎక్కువ. కొన్నిసార్లు, చిత్రంగా, ఒక చుట్టు తక్కువ. దానికీ నేను ఆశ్చర్యపోలేదు. నచ్చకపోతే నిర్దాక్షిణ్యంగా విప్పేసి మళ్ళీ అల్లడం ఆవిడ పద్ధతే. అంత ఓపిక మనుషుల మీద కూడా ఉంటే బాగుండునని వేళాకోళం చేసేవాణ్ణి. మీ మీద తప్ప అందరి మీదా ఉంది అనేది.

ఎవరికీ చెప్పలేదు. మా మరదలికి మాత్రం దాచలేకపోయాను. మా ఆవిడ చెల్లెలు బళ్ళో డ్రిల్లు టీచరు. మామూలుగా మాట్లాడినా ఈల వేసినట్టే ఉంటుంది. నెలకోసారి వచ్చి నా వంటిల్లు సర్ది, సర్దినందుకు నన్ను తిట్టి వెళ్తుంది.

"ఏంటి బావా, ఆ పిల్ల టోపీ ఇంకా అలమార్లో పూజ చేస్తున్నావా? ఇలా ఇవ్వు. మా అక్కంత కాకపోయినా నాకూ వచ్చు. రెండు పూటల పని."

"వద్దు. మీ అక్కే అల్లుతోంది."

ఆమె నా మొహంలోకి చూసింది. నవ్వలేదు. చెయ్యి చాచింది. బీరువా తెరిచి ఇచ్చాను.

ఆమె ఏనుగు చెవిని వెలుగులోకి పట్టుకుని వేలితో చుట్లు తడుముతూ పోయి ఒకచోట ఆగింది.

"ఇక్కడిదాకా అక్క. ఎడంచేతి అల్లిక, చుట్టు ఇటు తిరుగుతుంది చూడు. ఇక్కడ్నించి దిశ మారిపోయింది. ముడి వెనకవైపు పైకొచ్చింది. ఇది కుడిచేత్తో అల్లింది."

"అంటే?"

"అంటే అక్క చెయ్యి కాదని. కానీ బావా..." ఆమె మళ్ళీ తడిమింది. ఈలలాంటి ఆ గొంతు ఎప్పుడూ లేనంత తగ్గింది. "బిగువు అక్కదే. మూడు ముళ్ళకొకసారి దారం కొంచెం వదులు చేస్తుంది కదా, అదీ ఉంది. అచ్చం అక్కే. అద్దంలో కూర్చుని అల్లినట్టుంది."

ఇద్దరం ఒకేసారి నిలువుటద్దం వైపు చూశాం. అందులో తిరగేసిన అక్షరాలు సరి అయి ఉన్నాయి. వాటి కింద ఖాళీ కుర్చీ.

"నాకీ షాపులో చలేస్తోంది" అంటూ ఆమె కొంగు భుజం చుట్టూ లాక్కుంది. గోడ ఎప్పటిలాగే వెచ్చగా ఉంది. "టీ అయినా పెడతావా, లేక అదీ మా అక్కే పెడుతుందా?"

ఆ తర్వాత చాలా రోజులు నేను అద్దాన్ని రోజూ తుడిచాను. ఆవిడ అటువైపు ఉంది. చనిపోయినవాళ్ళు ఎక్కడికో వెళ్ళిపోతారనుకుంటాం గానీ, మా ఆవిడ మరీ అంత దూరం పోలేదు. కుడి ఎడమలు మారాయి, అంతే. ఆ మాట తలుచుకుంటే అన్నం సహించేది.

*

ఇస్త్రీ షాపు ఆవిడ ఒక మధ్యాహ్నం పిచ్చుక రెక్క పట్టుకుని వచ్చింది. చేతి నిండా మడతపెట్టిన బట్టల వాసన, మొహం నిండా అలసట.

"బాబాయ్, డాక్టరమ్మ దగ్గర్నించి వస్తున్నాం. పోయినసారికీ ఇప్పటికీ ఏం మార్పు లేదంది. కన్ను మూయకపోతే అద్దాలెందుకమ్మా, దండగ అని మొహం మీదే అనేసింది. ఇంకా ఆలస్యం చేస్తే ఆ కన్ను అంతే అంట."

"పట్టీ..."

"ఉంచుకుంటే కదా! జిగురేసి అంటించినా పీకేస్తుంది. మామ్మ ఏనుగు టోపీ ఇస్తానంది, అదొస్తే పెట్టుకుంటాను, ఇది పెట్టుకోను అని ఒకటే పాట. నేను మిమ్మల్ని అడగలేకపోయాను ఇన్నాళ్ళూ. మీ బాధలో మీరున్నారు. ఆ టోపీ ఎలా ఉందో అలాగే ఇచ్చేయండి బాబాయ్. ఎవరిచేతైనా పూర్తి చేయించుకుంటాను."

నా చెయ్యి తెలియకుండానే జేబు మీదకు వెళ్ళింది.

"ఇంకొన్నాళ్ళు ఆగమ్మా. అది పూర్తవుతోంది. మీ పిన్ని..." తాళంచెవిని వేళ్ళతో తడిమాను. "మీ పిన్నే పూర్తి చేస్తుంది."

పిచ్చుక తల్లి నన్నే చూస్తూ నిలబడింది. జాలిపడే మొహం నాకు కొత్త కాదు. చూపు పోతోందని తెలిసినవాళ్ళ ఇంట్లోవాళ్ళు ఈ షాపులో అలాగే నిలబడతారు.

పిచ్చుక మాత్రం బల్ల మీద ఫ్రేములు తిప్పుతూ, తలెత్తకుండానే అంది.

"మామ్మ కాదు. తాతే అల్లుతున్నాడు."

"నోర్ముయ్యవే."

"నిజంగానే అమ్మా! నువ్వు మధ్యాహ్నం ఆ వేడిలో కూర్చోవద్దంటావు కదా, అప్పుడు నేనిటొచ్చి బల్ల కింద కూర్చుంటాను. తాత లేస్తాడు, బీరువా తీస్తాడు, టోపీ తెచ్చుకుని మళ్ళీ ఈ కుర్చీలోనే కూర్చుని అల్లుతాడు. కళ్ళు మూసుకునే. తర్వాత మామ్మ కుర్చీలో పెట్టేసి, తాళం వేసి వచ్చి పడుకుంటాడు."

"మరి నన్ను లేపలేదేం?" అన్నాను.

"పెద్దవాళ్ళు పడుకుంటే లేపకూడదని అమ్మ చెప్పింది." ఆ పిల్ల ఇప్పుడు నా వైపు చూసింది. అద్దాల వెనక ఎడమకన్ను కొంచెం లోపలికి తిరిగి ఉంది. "కానీ తాతా, కొన్నిరోజులు అల్లుతావు, కొన్నిరోజులు లాగి విప్పేస్తావు. విప్పేటప్పుడు నాకు ఏడుపొచ్చేస్తుంది. ఎప్పటికీ అవ్వదు అలా అయితే."

కుర్చీలో కూర్చుండిపోయాను.

అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి. ఎదురుగా కూర్చున్న నాకు ఆవిడ ఎడమచెయ్యి ఎప్పుడూ నా కుడిచేతి వైపే ఉండేది. నా కళ్ళు ఏళ్ళ తరబడి ఆ కదలికను తాగుతూ వచ్చాయి, చేతులకు చెప్పకుండానే నేర్పాయి. అద్దంలో ఉన్నది ఆవిడ కాదు. ఆవిడకు ఎదురుగా కూర్చున్న నేను. ఆ విప్పిన చేతులు కూడా నావే. టోపీ పూర్తయితే ఆవిడకు మా షాపులో ఇంక పని ఉండదు. అది నిద్రలో కూడా తెలిసినట్టుంది నాకు.

ఆవిడ రెండోసారి పోయిన రోజు అది.

ఇస్త్రీ షాపు ఆవిడ చప్పుడు చేయకుండా వెళ్ళి గ్లాసుతో నీళ్ళు తెచ్చి నా ముందు పెట్టింది. ఏమీ అడగలేదు. లోకంలో చాలామందికి తెలియని మర్యాద అది.

నీళ్ళు తాగి, బీరువా తెరిచి, టోపీ తీశాను. సూది పట్టుకున్నాను. మెలకువగా ఉన్న నా చేతులకు ఏమీ రాదు. దారం ఏ వేలి మీదుగా పోవాలో తెలియదు. ఒక ముడి వేయబోతే మెలిక జారబోయింది, గుండె జారినట్టయింది.

"ఇలా కాదు తాతా," అంది పిచ్చుక. "కళ్ళు మూసుకో."

అది వెళ్ళి మా ఆవిడ కుర్చీ ఎక్కి కూర్చుంది. కాళ్ళు నేలకు అందక ఊగుతున్నాయి.

"నేనిక్కడ కూర్చుంటాను. నువ్వు విప్పితే మాత్రం అరుస్తాను. వీధి వీధంతా వినిపిస్తుంది."

"దీని సంగతి మీకు తెలీదు బాబాయ్, నిజంగానే అరుస్తుంది" అంది తల్లి.

కళ్ళు మూసుకున్నాను. కాసేపు చీకటి తప్ప ఏమీ లేదు. తర్వాత అవతల ఇస్త్రీ పెట్టె బరువుగా బల్ల మీద ఆనిన చప్పుడు వినిపించింది. పిచ్చుక తల్లి ఎప్పుడు వెళ్ళి పని మొదలుపెట్టిందో తెలియలేదు. ఎదురుగా ఎవరో కుర్చీలో కదిలిన అలికిడి. ఎన్నో మధ్యాహ్నాలు అచ్చం ఇలాగే ఉండేవి. నా కుడిచెయ్యి దానంతటదే లేచింది. మూడు ముళ్ళు బిగువుగా, తర్వాత కాస్త వదులు.

ఆ రోజు ఒక చుట్టు, మరునాడు రెండు. పిచ్చుక కాపలా మానలేదు. ఒక్కసారి మాత్రం, చెవి పూర్తికావచ్చేసరికి, నా వేళ్ళు దారాన్ని వెనక్కి లాగడం నాకే తెలిసింది. అది అరవలేదు. కుర్చీ దిగివచ్చి నా చేతి మీద తన చెయ్యి పెట్టింది. అంతే. వేళ్ళు ఆగిపోయాయి.

చివరి మెలికలోంచి సూది తీసి దారం కొస బిగించే పని మా మరదలు చేసింది. నేను తల తిప్పుకున్నాను. ఆమె లోపల నల్లగుడ్డ వేసి, పెద్ద చెవిని టోపీకి కుట్టి, పిచ్చుకను ఎదురుగా నిలబెట్టి ఏనుగుకు రెండు గుండీలు పెట్టింది.

"చూశావా, నిన్నే చూస్తోంది" అంది పిచ్చుకతో. తర్వాత నాతో, "ఏం బావా, చెవి సగం తిరగబడి ఉంది. ఎవరైనా ఏమిటిదని అడిగితే?"

"ఇద్దరం అల్లాం అని చెప్పు."

ఆమె ముక్కు చీదుకుని, దారం తెంపుతున్నట్టు తల వంచుకుంది.

*

టోపీ పెట్టుకున్న పిల్లను పరీక్ష కుర్చీలో కూర్చోబెట్టాను. పెద్ద చెవి కుడికంటి మీదకు వాలింది. గడ్డం కింద తాడు నేనే కట్టాను, చెవికీ చెంపకీ మధ్య సందు లేకుండా. బొమ్మల బోర్డు మీద దీపం వేశాను.

"అద్దంలో చూడు. ఏం కనిపిస్తోంది?"

"గొడుగు."

అది అన్నిటికన్నా పెద్ద బొమ్మ. "కింద?"

"ఏదో ఉంది. పడవేమో. తెలీట్లేదు."

"పర్లేదు. ఇంకా కింద?"

పిచ్చుక మెడ ముందుకు చాచింది. ఆ సోమరి కన్ను ఒంటరిగా, కష్టపడి చూస్తోంది.

"కింద మామ్మ" అంది.

నేను కదల్లేదు. అది కూర్చున్నది పరీక్ష కుర్చీలో. దాని వెనక, బోర్డు కింద ఉన్నది ఆవిడ కుర్చీ. ఇందాకే ఆ కుర్చీ మీద దుమ్ము దులిపాను. దిండు తప్ప ఏమీ లేదు.

"ఎలా ఉంది?"

"మసగ్గా. బూడిదరంగుగా. మెల్లిగా కదులుతోంది."

వెనక్కి తిరిగి చూడాలనిపించింది. తిరగలేదు. అద్దంలోకి కూడా చూడలేదు. నా కళ్ళజోడులో నాకు అన్నీ స్పష్టంగా కనిపిస్తాయి, అదే వచ్చిన చిక్కు.

"రోజూ టోపీ పెట్టుకో," అన్నాను. "బళ్ళోంచి రాగానే. పడుకోబోయేదాకా."

అది చెప్పిందంతా చేసింది. ఎవరడిగినా మా ఏనుగు పడుకుంది అని చెప్పేదట. కొన్నాళ్ళకు బళ్ళో పిల్లలే ఏనుగు లేచిందా అని అడగడం మొదలుపెట్టారట. వాళ్ళ ఆటలో ఏనుగును లేపినవాడు దొంగ. చూడబోతే ఆ ఆటకు దొంగలు ఎక్కువ, పిచ్చుక రాణి.

వచ్చినప్పుడల్లా కుర్చీలో కూర్చోబెట్టి చూసేవాణ్ణి. పడవ స్పష్టమైంది. తర్వాత ఇల్లు. అడిగీ అడగనట్టు, చివర్లో ఆ ప్రశ్న కూడా అడిగేవాణ్ణి.

"కింద?"

"మామ్మ." ఒకసారి, "మామ్మ తల వంచుకుంది." ఇంకోసారి, చాలాసేపు చూసి, "ఇవాళ మామ్మ పల్చగా ఉంది తాతా."

ఎందుకు పల్చబడుతోందో నాకు తెలుసు. అది నా వృత్తి. కన్ను బాగుపడుతున్న కొద్దీ మసక తగ్గుతుంది. మసకలో ఉన్నవాళ్ళు కూడా తగ్గుతారు. ఒక సాయంత్రం తాడు కడుతూ ఉంటే, కొంచెం వదులుగా కట్టమని నా వేళ్ళు అడిగాయి. చెవి పక్కన చిన్న సందు చాలు. మంచి కన్ను తొంగి చూస్తుంది, సోమరిది మళ్ళీ పడుకుంటుంది, కింద కుర్చీలో మనిషి అలాగే ఉంటుంది. ఏనుగు గుండీ కళ్ళు రెండూ నన్ను చూస్తున్నాయి. తాడు గట్టిగా కట్టాను.

"నొప్పి తాతా!"

"అయ్యో, అలాగా" అని సరిచేశాను, సందు లేకుండానే.

డాక్టరమ్మ ఇంక మూయక్కర్లేదని చెప్పిన రోజు తల్లీకూతుళ్ళు నేరుగా షాపుకే వచ్చారు. ఇస్త్రీ షాపు ఆవిడ సంతోషం పట్టలేక తలుపు దగ్గరే నిలబడిపోయి కొంగుతో కళ్ళు ఒత్తుకుంటోంది. పిచ్చుక తనే కుర్చీ ఎక్కి, తనే ఏనుగు చెవిని కుడికంటి మీదకు లాక్కుని, అడగకుండానే గడగడా చదివింది. గొడుగు, పడవ, ఇల్లు, చేప. చివరి వరుసలో ఆవగింజంత చేపలు కూడా.

"చేపకు కన్ను కూడా ఉంది తాతా, కనిపిస్తోంది!"

"శభాష్." నా చెయ్యి కుర్చీ వీపు మీద ఉంది. "కింద?"

అది చూసింది. తల అటూ ఇటూ వంచి చూసింది.

"కుర్చీ. కుర్చీ మీద దిండు. దిండు మీద దారప్పోగు ఒకటి." ఆ తర్వాత చిన్న గొంతుతో, "మామ్మ లేదు."

"అవునమ్మా. మరి కన్ను బాగైపోయింది కదా" అన్నాను. నవ్వే అన్నాను. ఈ మాట చెప్పడానికే నేను ఇన్నేళ్ళూ ఈ షాపులో కూర్చున్నాను. ఎవరికి చెప్పినా సంతోషంగానే చెప్పాను, ఇప్పుడూ అంతే.

పిచ్చుక అద్దంలోంచి నా మొహం చూస్తోంది. ఇప్పుడు దానికి అన్నీ కనిపిస్తున్నాయి. కాసేపు ఆలోచించి, తన కళ్ళజోడు నుదుటి మీదకు నెట్టి, ఆ బాగైన కన్ను సగానికి చికిలించింది.

"ఇలా చూస్తే ఉంది తాతా" అంది. "ఇదిగో, కూర్చునే ఉంది. నువ్వూ చూడు."

తల్లి దాన్ని పిలిచింది. అది గెంతుకుంటూ వెళ్ళిపోయింది, టోపీ కుర్చీలోనే వదిలేసి. గోడ అవతల ఇస్త్రీ మొదలైంది.

నేను కళ్ళజోడు తీశాను. ఎవరైనా చూస్తే అద్దాలు తుడుచుకుంటున్నానని అనుకుంటారు. చొక్కా అంచుతో తుడుస్తూ, తల ఎత్తి అద్దంలోకి చూశాను. అక్షరాలన్నీ కరిగిపోయి ఉన్నాయి. వాటి కింద, గోడకు ఆనుకుని, బూడిదరంగుగా ఒకటి.

చాలాసేపు తుడుస్తూనే ఉన్నాను.